900 రూపాయల కెమెరా, చేటలో చందమామ

మా మేనకోడలి కూచిపూడి ప్రోగ్రాంలో తెల్లరంగు వేసిన చేట మీద చందమామ పడాలి. చేట ఎటు తిరిగితే అటు పోవాలి. ప్రొజెక్టర్ నా దగ్గరుంది, చేట ఎక్కడుందో కనిపెట్టే కన్నే లేదు. దానికోసం సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది ప్లేస్టేషన్ 3 గేమ్ మెషీన్‌కి పెట్టే పీఎస్3 ఐ కెమెరా, 900 రూపాయలు.

2007లో వీడియో గేముల కోసం వచ్చిన సరుకిది. అయినా 640×480లో సెకనుకు 60 ఫ్రేములు లాగుతుంది, మైక్రోసాఫ్ట్ వాళ్ళ గేమ్ కెమెరా మొదటి కినెక్ట్ 30 దగ్గరే ఆగుతుంది. లెన్స్ రింగు తిప్పితే చూపు 56 డిగ్రీల నుంచి 75కి పెరుగుతుంది. లైనక్స్‌లో గుచ్చగానే పనిచేసింది, విండోస్‌కైతే బయటివాళ్ళు రాసిన డ్రైవర్ వెతుక్కోవాలి.

అసలు పని లెన్స్ విప్పడం. లోపల ఇన్‌ఫ్రారెడ్‌ని, అంటే మన కంటికి కనపడని కాంతిని ఆపే చిన్న గాజుబిళ్ళ తీసేయాలి. కంగారులో కత్తి జారి సెన్సర్ మీద గీత పడింది. తప్పు నాదే, ఇంకో 900 వదిలాయి. చేతులు వణికేవాళ్ళు దీని జోలికి పోకండి. రెండోదాంట్లో బిళ్ళ తీసి, మామూలు వెలుతురు ఆగేలా పాత ఫ్లాపీ డిస్క్ లోపలి నల్ల రేకు కత్తిరించి పెట్టా. ఇక కెమెరాకి స్టేజీ అంతా చీకటే, చేట మూలల్లోని 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు నాలుగు చుక్కల్లా కనిపిస్తాయంతే. ప్రొజెక్టర్ వేసే చందమామ దానికి కనపడదు గనక తికమక లేదు. చుక్కల్ని బట్టి బొమ్మను వంచేది ఓపెన్‌సీవీ అనే సాఫ్ట్‌వేర్, అది ఉచితం.

ఇంట్లో బ్రహ్మాండంగా నడిచింది. హాల్లో రిహార్సల్ రోజు జ్యోతి వెలిగించారో లేదో, చందమామ ఒక మూల అప్పడాల పిండిలా సాగి దీపపు కుంది దాకా పోయింది! మంటలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుందన్న సంగతే నాకు తట్టలేదు. హాలోజెన్ లైట్లూ అంతే. లైట్లు ఎల్‌ఈడీవి పెట్టించి, దీపాన్ని కెమెరాకి కనపడకుండా జరిపించా. పెద్దాయనొకరు గొణిగారు, వినపడనట్టు ఊరుకున్నా.

ఇక ఆలస్యం. కెమెరా, లాప్‌టాప్, ప్రొజెక్టర్ కలిపి నా లెక్కకి 80 మిల్లీసెకన్లు. అంటే చేట సెకనుకు మీటరు కదిలితే బొమ్మ 8 సెంటీమీటర్లు వెనకబడుతుంది. వేగాన్ని బట్టి ముందుచోటు అంచనా కట్టే కోడ్ రాశాక నిదానపు కదలికల్లో బొమ్మ చేట అంచు దాటలేదు. తీర్మానాల్లో, అంటే నాట్యంలో వేగంగా ముగించే అడుగుల్లో మాత్రం జారిపోతుంటే అక్కడ బొమ్మ ఆర్పేశా.

"చందమామ ఏదీ మావయ్యా?" అంది పిల్ల.

మబ్బు చాటుకి పోయాడని చెప్పా.