వైజాగ్–భీమిలి తీరంలో సైకిల్ టూర్ బుక్ చేస్తున్నారా? చీకట్లో సైకిల్ ఇస్తే తీసుకోకండి

వైజాగ్ నుంచి భీమిలి మీదుగా చింతపల్లి బీచ్ దాకా వెళ్ళి రావడం, ఒక్క రోజులో వందకు పైగా కిలోమీటర్ల సైకిల్ టూర్ అంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటనలు తిరుగుతున్నాయి. అద్దె సైకిల్, టిఫిన్, నీళ్ళు, వెనకాలే రిపేర్ వ్యాన్ అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. మార్చి మొదట్లో నేనూ మా బావా హైదరాబాద్ నుంచి వెళ్ళి అలాంటి ఒక ప్యాకేజీలో డబ్బు పోగొట్టుకున్నాం. పోయిన డబ్బు సంగతి తర్వాత. ఆ సైకిళ్ళ మీద ఎవరికైనా ప్రాణం మీదికి రావచ్చు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పూర్తిగా చదివే తీరిక లేనివాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. సైకిల్ మన చేతికిచ్చేది తెల్లవారుజామున నాలుగున్నరకి, వీధి దీపం సరిగా పడని సందులో. తిరిగి తీసుకునేది సాయంత్రం నాలుగింటికి, మంచి వెలుతురులో, ఒక్కో భాగాన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకుంటూ. ఇచ్చేటప్పుడు కనపడని తుప్పు, గీతలు, సొట్టలు అన్నీ తీసుకునేటప్పుడు బయటపడతాయి. అన్నీ మన మీదే రాస్తారు. 5,000 రూపాయల డిపాజిట్ అప్పటికే యూపీఐలో వెళ్ళిపోయి ఉంటుంది. "ఇచ్చిన స్థితిలోనే తిరిగి అప్పగించాలి" అనే షరతుకి వాట్సాప్‌లో మనం ఓకే కొట్టి ఉంటాం. ఇచ్చినప్పుడు ఏ స్థితిలో ఉందో చెప్పే కాగితం మాత్రం ఉండదు.

సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. ఇలాంటివాళ్ళకి పాత పేజీ మూసేసి కొత్త పేరుతో ఇంకోటి తెరవడం పెద్ద పనేమీ కాదు. పద్ధతి తెలిస్తే ఏ పేరుతో వచ్చినా గుర్తుపట్టవచ్చు.

ప్రకటనలో ఉన్న ఫొటో అసలైన టూరింగ్ సైకిల్‌ది, అంటే దూర ప్రయాణాల కోసం చేసినది. వెడల్పు టైర్లు, వెనక కేరియర్, రెండు వైపులా సంచులు. మాకు ఇచ్చినవి పాత హైబ్రిడ్ సైకిళ్ళు, కేరియర్ లేదు. అడిగితే "ఆ మోడల్ సర్వీస్‌కి వెళ్ళింది సార్, ఇది ఇంకా స్పీడ్" అన్నాడు అక్కడున్న కుర్రాడు. వ్యాన్ ఏదంటే వెనక వస్తుందన్నాడు. తక్కిన బ్యాచ్ అప్పటికే బయల్దేరిపోయిందనీ, ఎండెక్కేలోపు భీమిలి చేరాలనీ తొందరపెట్టాడు. బ్యాచ్ ఎక్కడా కనపడలేదు. ఆ తొందర కూడా పథకంలో భాగమేనని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం.

ఆ రోడ్డు గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మనుషులు డబ్బు కట్టేది ఆ రోడ్డు కోసమే. ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముందు నుంచి బయల్దేరి, కైలాసగిరి కింద నుంచి రుషికొండ వైపు వెళ్తుంటే కుడి చేతి వైపు సముద్రం మీద మెల్లగా ఎరుపు తిరుగుతుంది. రుషికొండ దాటాక ఎడమ వైపు కొండలు. బావికొండ, తొట్లకొండల మీద సుమారు రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ ఆరామాలున్నాయి. రోడ్డు ఎక్కుతూ దిగుతూ పోతుంది. ఒక్కో దిగుడులో సైకిల్ వేగం దానంతటదే గంటకి 40 కిలోమీటర్లు దాటేస్తుంది. అంత మంచి రోడ్డు మీద సరైన బండి ఉంటే ఆ ఉదయానికి వెల కట్టలేం.

మంగమారిపేట వైపు దిగుతున్నప్పుడు మా బావ వెనక బ్రేకు నొక్కితే లివరు వచ్చి హ్యాండిల్‌కి తగిలింది, సైకిల్ మాత్రం ఆగలేదు. ముందు బ్రేకుతో, కాళ్ళు నేలకి రాస్తూ ఎలాగో ఆపాడు. ఎదురుగా చేపల ఆటో వస్తోంది. ఆ క్షణం తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. పక్కకి లాగి చూస్తే వెనక బ్రేకు కేబుల్ లోపల తీగలు తెగి, రెండు మూడు పోగుల మీద వేలాడుతోంది. బ్రేకు రబ్బర్లు ఇనుము కనపడేదాకా అరిగిపోయాయి.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగేటప్పటికి బాగా తెల్లారింది. అప్పుడు టైర్లు చూశాం. పక్క గోడల పొడవునా ఎండిన చెరువులా నెర్రెలు. గోరు పెడితే లోపలి దారం కనపడింది. పంక్చర్ కిట్ సంచి విప్పితే అందులో ఉన్నది 26 అంగుళాల ట్యూబు, మా చక్రం 700 అనే వేరే సైజుది, దానికి ఆ ట్యూబు సరిపోదు. సంస్థకి ఫోన్ చేస్తే వ్యాన్ ఇంకో బ్యాచ్‌తో అరకు రోడ్డులో ఉందన్నారు. మాకు అమ్మిన ప్యాకేజీలో మొదటి వరసలో పెద్ద అక్షరాలతో ఉన్నదే ఆ వ్యాన్.

భీమిలి దాకా నెమ్మదిగా వెళ్ళాం. గోస్తనీ నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఉత్తరం వైపు పోవాలంటే చుట్టు తిరిగి తగరపువలస మీదుగా హైవే ఎక్కాలి. ఆ దారిలో నా వెనక చక్రంలో టప్పున ఒక స్పోకు తెగింది. చక్రం వంకర తిరిగి బ్రేకుకి రాసుకోవడం మొదలైంది. నడిపించుకుంటూ తగరపువలసలో ఒక సైకిల్ షాపుకి చేరాం. పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. ఆ సైజు స్పోకు ఆయన దగ్గర లేదు. తెగిన దాన్ని తీసేసి, రెండు పక్కల స్పోకులు కాస్త సర్ది బెండు తీద్దామంటే నిపిల్స్, అంటే స్పోకులని రింగుకి బిగించే చిన్న నట్లు, తుప్పుతో బిగుసుకుపోయాయి. కిరసనాయిలు చుక్కలు వేసి, కాసేపు ఆగి, ఒక్కొక్కటీ కదిలించాడు.

ఆయన తెగిన స్పోకుని నా అరచేతిలో పెట్టి చూపించింది మీరు జాగ్రత్తగా వినాలి. చక్రం నడిమధ్య ఉండే హబ్ దగ్గర, స్పోకు వంపు తిరిగే చోట తెగింది. తెగిన ముఖంలో ముప్పాతిక భాగం గోధుమ రంగులో ఉంది, మిగిలిన సన్నటి అంచు మాత్రం వెండిలా మెరుస్తోంది. "ఇది ఇవాళ తెగింది కాదు బాబూ, ఎప్పుడో బీట పడిపోయింది. ఈ మెరిసేదొకటే ఇవాల్టిది" అన్నాడు. బీటలోకి ఉప్పు గాలి వెళ్ళి తుప్పు పట్టాలంటే సమయం కావాలి. అప్పుడే తెగిన ఇనుము మెరుస్తుంది. ఆ ముక్కని ఫొటో తీసి దాచాను. ఎవరికైనా ఇలా జరిగితే తెగిన ముక్క ఏదైనా సరే పారేయకండి. మనం విరగ్గొట్టలేదని చెప్పే సాక్ష్యం అదే. డబ్బులు తీసుకోమంటే యాభై చాలన్నాడు ఆ పెద్దాయన.

చింతపల్లి లైట్‌హౌస్ ఆశ వదులుకుని వెనక్కి తిరిగాం. ఇంకో సంగతి ఈ ప్యాకేజీలవాళ్ళు చెప్పరు. ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో ఈ తీరం వెంట మధ్యాహ్నం గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. పొద్దున వెళ్ళేటప్పుడు ఏమీ తెలియదు, తిరుగు ప్రయాణంలో ఆ గాలి నేరుగా ముఖానికి కొడుతుంది. వెళ్ళినంత సేపట్లో రాలేం. నాలుగింటికల్లా అప్పగించాలి, ఆలస్యమైతే గంటకి 300 అనే షరతు ఈ లెక్క తెలిసి పెట్టిందే.

అప్పగించాక లెక్క ఇలా వచ్చింది: స్పోకు 800, బ్రేకు 600, ఫ్రేము మీద గీతలు 1,500, ఆలస్యం 300. మొత్తం 3,200 కోసి 1,800 వెనక్కి వేశారు. స్పోకు ముక్క చూపిస్తే చూడను కూడా చూడలేదు. గీతల ఫొటోలో తుప్పు పట్టిన గీత స్పష్టంగా ఉంది, ఒక్క రోజులో గీత పడి తుప్పు కూడా ఎలా పడుతుందని అడిగితే "రూల్స్ సార్" అన్నారు. రాని వ్యాన్‌కి డబ్బు ఎందుకు తీసుకున్నారన్న దానికి జవాబే లేదు.

సముద్రం పక్కన అద్దెకి తిరిగే సైకిళ్ళకి ఉప్పు గాలే పెద్ద శత్రువు. ఇసుక, ఉప్పు కలిసి చైనునీ కేబుళ్ళనీ తినేస్తాయి. రోజూ కడిగి నూనె వేసేవాళ్ళ సైకిళ్ళు బాగానే ఉంటాయి. వైజాగ్‌లో పద్ధతిగా సైకిళ్ళు చూసుకునేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని ఇందులో కలపొద్దు. తేడా తెలుసుకోవాలంటే ముందు రోజు సాయంత్రమే వెలుతురులో సైకిల్ చూపించమని అడగండి. మంచివాళ్ళు చూపిస్తారు.

చూసేటప్పుడు బ్రేకు లివరు గట్టిగా నొక్కండి, హ్యాండిల్‌ని తాకకూడదు. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిల్ దగ్గర టకటక చప్పుడు రాకూడదు. చక్రం పైకెత్తి తిప్పి బ్రేకు రబ్బరుకీ రింగుకీ మధ్య సందు చూడండి. ఆ సందు ఒకచోట తగ్గి ఒకచోట పెరుగుతుంటే చక్రం బెండు ఉన్నట్టే. పక్క పక్క స్పోకులు రెండేసి వేళ్ళ మధ్య నొక్కితే ఏదీ వదులుగా ఉండకూడదు. సీటు గొట్టం మీద కనీసం ఇంతవరకు లోపల ఉండాలని ఒక గీత ఉంటుంది, మీ ఎత్తుకి పెట్టినప్పుడు ఆ గీత బయటికి వస్తే ఆ సైకిల్ మీకు పనికిరాదు. చైనుకి స్కూలు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్య నుంచి తర్వాతి పిన్ను మధ్యకి అర అంగుళం, అంటే 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. ఎనిమిదో వంతు అంగుళం ఎక్కువ వచ్చిందంటే ఆ చైను పని అయిపోయింది, ఎత్తు ఎక్కేటప్పుడు పళ్ళ మీద జారుతుంది. ట్యూబు సైజు టైరు మీద ఉన్న అంకెతో పోల్చండి. వాల్వ్ కూడా చూసుకోండి, మోటార్ సైకిల్‌కి ఉండే రకమైతే పెట్రోల్ బంకులోనైనా గాలి దొరుకుతుంది. సన్న వాల్వ్ అయితే దానికి తగిన పంపు మీ దగ్గరే ఉండాలి.

తప్పనిసరిగా పొద్దున్నే తీసుకోవాల్సి వస్తే ఫోన్ లైటు వేసి, సైకిల్ చుట్టూ ఆగకుండా ఒకే వీడియో తీసి, అక్కడికక్కడే వాళ్ళ వాట్సాప్‌కి పంపండి. వ్యాన్ డ్రైవర్ నంబరు తీసుకుని, ఆ నంబరుకి ఫోన్ చేసి మాట్లాడాకే సీటు ఎక్కండి. డిపాజిట్‌లో దేనికి ఎంత కోస్తారో పట్టిక అడగండి. పట్టిక లేదంటే ఎంతైనా కోస్తారని అర్థం.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు ఊరుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. నేను అక్కడే మొదలుపెట్టాను. ఫిర్యాదు నమోదైన తర్వాత ఆ సంస్థ నుంచి మొదటిసారి మర్యాదగా ఫోన్ వచ్చింది. మిగిలిన డిపాజిట్ ఇస్తాం, పెట్టిన రివ్యూ తీసేయమన్నారు. తీసేయనన్నాను. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్ళవచ్చు. మీరు ఉండే ఊళ్ళోనే కేసు వేయవచ్చు, వైజాగ్ వెళ్ళక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళ గడువుంది, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. యూపీఐ రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ మాటలు ఇప్పుడే దాచుకోండి, ప్రకటనలు తర్వాత మాయమవుతాయి. నేను చూసిన ప్రకటనలో టూరింగ్ సైకిల్ ఫొటో ఫిర్యాదు చేసిన వారంలోనే మారిపోయింది.

రాబోయే శని, ఆదివారాలకి ఎవరైనా బుక్ చేసి ఉంటే ఈ రోజే ఫోన్ చేసి, శుక్రవారం సాయంత్రం ఆరులోపు సైకిల్ చూస్తామని అడగండి. కుదరదు, పొద్దున నాలుగున్నరకే ఇస్తాం అంటే బుకింగ్ రద్దు చేసుకోండి. అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేది లేదని వాళ్ళంటే ఆ మాట మెసేజ్‌లో రాయించుకుని 1915లో పెట్టండి. మా ఫిర్యాదులో రాసిన వివరాలు, స్పోకు ఫొటో ఎవరికి కావాలన్నా మెసేజ్ చేయండి, పంపిస్తాను.