విషపు నేల: అక్కడే ఉంచి బాగుచేయాలా, తవ్వి కడగాలా?

సియాటిల్‌లో 1906 నుంచి 1956 దాకా మొదట బొగ్గుతో, తర్వాత నూనెతో గ్యాస్ తయారుచేసిన ఫ్యాక్టరీ స్థలం 1975లో పార్కుగా తెరుచుకుంది. డిజైనర్ రిచర్డ్ హాగ్ మట్టినంతా లారీల్లో బయటికి పంపలేదు. రంపపు పొట్టు, మురుగు బురద కలిపి, నూనె వ్యర్థాలను విరగ్గొట్టే పని సూక్ష్మజీవులకు వదిలేశాడు. ఖర్చు తక్కువే. కానీ పని తెమలలేదు: 1984లో పరీక్షల కోసం పార్కు కొన్నాళ్లు మూశారు, తర్వాతా బెంజీన్ అనే విష రసాయనం తీయాల్సి వచ్చింది. పక్కనున్న సరస్సు అడుగు బురద కలుషితమే, అందుకే అక్కడ ఈత నిషేధం.

2012 ఒలింపిక్స్ కోసం లండన్ ఎంచుకున్నది రెండో దారి. స్ట్రాట్‌ఫర్డ్‌లో నూనె, తారు, సీసం, ఆర్సెనిక్ పట్టిన మట్టిని తవ్వి, యంత్రాల్లో కడిగి, చాలావరకు అక్కడే తిరిగి వాడారు. ఒలింపిక్స్ గడువు, ప్రభుత్వ డబ్బు రెండూ ఉన్నాయి కాబట్టి కుదిరింది. అవి లేని ఊళ్లో ఇంత పని మొదలవడమే కష్టం. ఇప్పుడక్కడ ఇళ్లు, ఈత కొలను, 2013లో తెరిచిన బడి ఉన్నాయి.

నడకకు, గాలిపటాలకు సియాటిల్ పద్ధతి చాలు. పిల్లలు రోజంతా ఉండే బడికో, ఆసుపత్రికో అయితే మాత్రం నేను లండన్ పద్ధతే అడుగుతాను. ఏది ఎంచుకున్నా, భూగర్భ జలాల పరీక్షకు ఏటా డబ్బు కేటాయించాల్సిందే.