ఆరేళ్లుగా ఎండీఅడ్మ్ వాడకం: రీబూట్ తర్వాత రెయిడ్ కనిపించకపోతే

నాలుగు డిస్కులను కలిపి ఒకటిగా వాడే, ఒక డిస్కు పోయినా డేటా నిలిచే రెయిడ్ 5ని ఆరేళ్లుగా లినక్స్‌లో ఎండీఅడ్మ్ (mdadm) అనే టూల్ మీదే నడుపుతున్నాను. మామూలు రోజుల్లో అది ఉన్నట్టే తెలియదు. దాని మంచీ చెడూ నాకు తెలిసింది రీబూట్‌ల తర్వాతే.

మొదటిసారి నా అర్రే (ఇలా కలిపిన డిస్కుల సమూహం) పేరు ఎండీ0 మాయమై, ఎండీ127 కనిపించేసరికి గుండె గుభేలుమంది. చూస్తే డేటా భద్రంగానే ఉంది, పేరే మారింది. అర్రే వివరాలు ఎండీఅడ్మ్ డాట్ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్‌లో రాశాను గానీ, బూట్ అయ్యేటప్పుడు మొదట వాడే చిన్న ఫైల్ సిస్టమ్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో ఆ ఫైల్ పాత కాపీయే ఉండిపోయింది. డెబియన్‌లో దాన్ని అప్‌డేట్ చేసే కమాండ్ ఒక్కటి నడిపితే సరిపోయింది. ఏది ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో కూడా ఎండీ పేరు తీసేసి, దానితో పాటు మారని గుర్తింపు సంఖ్య యూయూఐడీ పెట్టుకున్నాను.

రెండోసారి నిజంగా టెన్షన్ పడ్డాను. కరెంటు పోయి వచ్చాక, అర్రేల స్థితి చూపే ఎండీస్టాట్‌లో అర్రే ఇనాక్టివ్, డిస్కుల పక్కన ఎస్ అక్షరం. అన్నీ స్పేర్లు (వాడకుండా పక్కన ఉంచే అదనపు డిస్కులు) అయిపోయాయనుకున్నాను. అర్రే ఇంకా మొదలవలేదనే దాని అర్థం. ఎగ్జామిన్ ఆప్షన్‌తో ఒక్కో డిస్కునూ చూస్తే మూడింటి ఈవెంట్ కౌంట్ (అర్రేలో మార్పులను లెక్కించే సంఖ్య) ఒకటే, నాలుగోది వెనకబడి ఉంది. అర్రేని స్టాప్ చేసి, ఆ మూడింటితోనే అసెంబుల్ చేయబోతే ఒప్పుకోలేదు. ఒక డిస్కు తక్కువ, పైగా సరిగ్గా ఆగని అర్రే కదా, ఆ జాగ్రత్త సబబే. ఫోర్స్ ఆప్షన్ ఇచ్చాక లేచింది. ముందు రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి ఫైళ్లు చూసుకుని, ఆ తర్వాతే నాలుగోదాన్ని రీ-యాడ్ చేశాను. ఏ భాగాలు మారాయో గుర్తుంచుకునే బిట్‌మ్యాప్ పెట్టుకుని ఉండటం వల్ల కొన్ని నిమిషాల్లో కలిసిపోయింది. లేకపోతే డిస్కు మొత్తం గంటల తరబడి మళ్లీ రాయాల్సి వచ్చేది.

నాకు బాగా నచ్చింది సూపర్‌బ్లాక్ పద్ధతి. తాను ఏ అర్రేకి చెందిందో, అందులో తన స్థానమేమిటో ప్రతి డిస్కూ తనలోనే రాసుకుంటుంది. కేబుళ్లు మారి ఎస్‌డీఏ కాస్తా ఎస్‌డీసీ అయినా ఇబ్బంది లేదు.

నచ్చనిది కొత్త అర్రే తయారుచేసే క్రియేట్ ఆప్షన్. పాత అర్రే ఉందని హెచ్చరిస్తుంది గానీ, ఒక్క వై నొక్కితే ముందుకెళ్లిపోతుంది. పాత సూపర్‌బ్లాక్ పోతుంది. చంక్ సైజు (ఒక్కో డిస్కు మీద వరసగా రాసే ముక్క పరిమాణం), డిస్కుల వరస, డేటా మొదలయ్యే చోటు, వీటిలో ఏది తేడా వచ్చినా ఫైళ్లు చదవడం కుదరదు. రికవరీ అంటూ ఎవరు చెప్పినా దాని జోలికి వెళ్లకండి. నేనైతే నాలుగు డిస్కుల ఎగ్జామిన్ వివరాలను ఈ అర్రేలో కాకుండా వేరే మెషీన్‌లో దాచుకుంటున్నాను, డిస్కు మార్చిన ప్రతిసారీ కొత్తగా తీస్తున్నాను.