సొంత తోపులో కట్టెలు కోసుకోవడానికి స్టిల్ ఎంఎస్ 250 ఎంతవరకు పనికొస్తుంది?

తోపు మనదే, ఏడాదికి సరిపడా కట్టెలు మనమే కోసి తోలుకోవాలనుకునేవాళ్లకి ఈ పెట్రోలు చైన్ రంపం సరైన సైజు. ఇంజను 45.4 సీసీ, శక్తి 2.3 కిలోవాట్లు, బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి రేకు), చైన్ కాకుండా బరువు 4.6 కిలోలు. దీనికంటే చిన్నదైన ఎంఎస్ 180 ఇంజను 31.8 సీసీ మాత్రమే. కొమ్మలకీ, జానెడు లావు దుంగలకీ అది హాయిగా ఉంటుంది గానీ లావుపాటి గట్టి మొద్దులో దించితే మూలుగుతుంది. రోజంతా కోతే పని అయినవాళ్లు మాత్రం ఎంఎస్ 261 తీసుకోవడం మంచిది. 50.2 సీసీ, 3 కిలోవాట్లు ఉన్నా దాని బరువు 4.9 కిలోలే, చేతులకి అదురు కూడా తక్కువ.

బార్ 16 అంగుళాలది చాలు. 18 అంగుళాలది కూడా పడుతుంది. కానీ అడుగు లావు మానుకి దాని అవసరం రాదు, పైగా కొస నేలకి తగిలే ప్రమాదమూ, పదును పెట్టాల్సిన పళ్లూ పెరుగుతాయి. పొయ్యికి 16 అంగుళాల ముక్కలు కావాలంటే, ఇంజను ఆపి బార్‌నే దుంగ మీద ఆనించి గుర్తులు పెట్టుకుంటూ పోవచ్చు.

స్టార్ట్ చేయడంలో కొత్తవాళ్లు ఎక్కువగా తడబడతారు. ఆపడానికీ, నడపడానికీ, చోక్‌కీ (స్టార్టింగ్‌లో గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ అందించేది) అన్నిటికీ ఒకటే మీట. చల్లటి ఇంజనుకి మీట పూర్తిగా కిందికి, అంటే చోక్‌లో పెట్టి తాడు లాగాలి. ఇంజను ఒక్కసారి 'టప్' అని ఆగిపోతుంది. ఆ శబ్దం వినగానే మీటని ఒక మెట్టు పైకి జరిపి లాగితే అందుకుంటుంది. ఆ 'టప్' గమనించకుండా చోక్‌లోనే లాగుతూ ఉంటే ప్లగ్ పెట్రోలుతో తడిసిపోతుంది. అప్పుడు ప్లగ్ విప్పి తుడిచి, మీట ఆఫ్‌లో పెట్టి, తాడు నాలుగైదుసార్లు లాగి, లోపలి పెట్రోలు బయటికి పోయాక మళ్లీ బిగించాలి.

పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిల్ 50కి 1 పాలు, అంటే 5 లీటర్లకి 100 మిల్లీలీటర్లు. కలిపిన పెట్రోలుని నెలకి మించి ఉంచకండి. ఇథనాల్ ఉన్న పెట్రోలు తేమ లాగుతుంది, కార్బురేటర్‌లోని డయాఫ్రమ్ అనే పలుచని పొర గట్టిపడుతుంది. 'నిరుడు బాగానే నడిచింది, ఈసారి అందుకోవడం లేదు' అనే ఫిర్యాదుకి చాలాసార్లు మూలం ఇదే. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలింది అయిపోయేదాకా ఇంజను నడిపి పక్కన పెట్టండి. పెట్రోలు ట్యాంకు 0.47 లీటర్లు, చైన్ ఆయిల్‌ది 0.2 లీటర్లు. పెట్రోలు పోసిన ప్రతిసారీ ఆయిల్ కూడా నింపాలి. పెట్రోలు అయిపోయినా ఆయిల్ సగానికి పైగా మిగిలిందంటే బార్ దగ్గరి ఆయిల్ రంధ్రంలో పొట్టు కూరుకుపోయినట్టే. వెంటనే శుభ్రం చేయకపోతే బార్ కాలి నీలం తేలుతుంది.

ఇక చైన్. ఈ రంపం మంచిచెడ్డలు నూటికి తొంభై వంతులు ఇక్కడే తేలతాయి. 0.325 అంగుళాల పిచ్ (లింకుల మధ్య దూరం కొలత) చైన్‌కి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి వాడాలి, కోణం 30 డిగ్రీలు. ఆకురాయిని ముందుకి తోసేటప్పుడే నొక్కాలి, వెనక్కి తెచ్చేటప్పుడు లేపాలి. ప్రతి పంటికీ అన్నే తోపులు పడాలి. ఒక వైపు పళ్లు పొట్టిగా, మరో వైపు పొడవుగా అయితే కోత నిలువుగా దిగకుండా పక్కకి వంకర పోతుంది. పంటి ముందుండే దిమ్మె పంటికంటే 0.65 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తులో ఉండాలి. దాన్ని ఎక్కువగా అరగదీస్తే రంపం చెక్కని కరిచిపట్టి ఎగురుతుంది. పొట్టు రేకులుగా రాలుతుంటే పదును ఉన్నట్టు, పిండిలా రాలుతుంటే పోయినట్టు. పిండి వస్తున్నా బలంగా నొక్కి కోస్తే పాడయ్యేది క్లచ్చూ బారూ.

పని అయ్యాక చైన్‌ని కాస్త వదులు చేయడం మరవకండి. వేడి మీద బిగించిన చైన్ చల్లారాక ముడుచుకుని క్రాంక్‌షాఫ్ట్‌నీ బేరింగులనీ లాగుతుంది.

చైన్ త్వరగా మొద్దుబారడానికి దుంగలు తోలే పద్ధతి కూడా కారణమే. మానుని నేల మీద ఈడ్చుకొస్తే బెరడు నిండా ఇసుక ఎక్కుతుంది, ఆ మీద కోత పెడితే నిమిషాల్లో పదును పోతుంది. అందుకే కూలిన చోటే ముక్కలు చేసి మోసుకెళ్లడం మేలు. ఈడ్చక తప్పకపోతే ముందు కొసని గొలుసుతో పైకెత్తి కట్టండి, కోసే చోట బెరడు గొడ్డలితో చెక్కేయండి. మట్టి తగిలే పనికి సెమీ చిజెల్ (మూల గుండ్రటి) పళ్ల చైన్ ఎక్కువసేపు నిలుస్తుంది. పూర్తి చిజెల్ (మూల పదునైనది) వేగంగా కోసినా దుమ్ముని ఓర్చుకోలేదు.

దుంగ రంపాన్ని బిగించేయడం మరో సాధారణ తంటా. రెండు చివరలా ఆనుకుని నడుమ గాలిలో ఉన్న దుంగకి పై భాగం నొక్కుడులో ఉంటుంది. పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కింది నుంచి కోయాలి. ఒక కొస గాలిలో ఉంటే ముందు కింది నుంచి మూడో వంతు, తర్వాత పైనుంచి. కోత మూసుకుపోకుండా అందులో ప్లాస్టిక్ లేదా చెక్క చీల దిగ్గొట్టండి. ఇనుప చీల చైన్‌కి తగిలితే పళ్లు ఊడతాయి. బార్ కొస పై పావు భాగం దేనికీ తగలనివ్వకండి. రంపం ముఖం మీదికి ఎగిరేది అక్కడినుంచే. చైన్ బ్రేకు (రంపం ఎగిరితే చైన్‌ని ఆపేది) ఉంది కదా అని హెల్మెట్, కళ్లకి జాలీ, కోతకి ఆగే ప్యాంటు మానేస్తే ఒప్పుకునేది లేదు.

బండి సంగతికొస్తే, మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు పేర్చిన పచ్చి గట్టి కట్టె సుమారు 600 నుంచి 700 కిలోలు తూగుతుంది. ఎండుకట్టె లెక్కన ట్రాలీ నింపితే ఇరుసు మీద భారం పడుతుంది. చీల్చి, ఆరబెట్టి తోలితే బరువు బాగా తగ్గుతుంది.

కొనేటప్పుడే రెండో చైన్, రెండు ఆకురాళ్లు, ఒక స్పార్క్ ప్లగ్ తీసుకోండి. బార్ మీద చెక్కి ఉన్న పిచ్, గేజ్ (బార్ గాడి వెడల్పు) అంకెలు రాసుకుని, పాత చైన్‌లో డ్రైవ్ లింకులు (గాడిలో నడిచేవి) లెక్కపెట్టుకునే దుకాణానికి వెళ్లండి. అదే రంపానికి రకరకాల బార్లు వస్తాయి కాబట్టి మోడల్ పేరు ఒక్కటే చెప్తే సరిపోని చైన్ చేతికొస్తుంది.