రోడ్డు మీది ఇంగ్లీషు: ఒక పదపాఠాల యాప్‌పై సమీక్ష

డ్రైవింగ్‌కూ రోడ్లకూ సంబంధించిన ఇంగ్లీషు పదాలను బొమ్మల కార్డులతో, ఉచ్చారణతో సహా నేర్పే ఒక ఫోను యాప్‌ను నెల రోజుల పాటు వాడి చూశాను. కారు భాగాలను పరిచయం చేసే తొలి పాఠాలు తెలుగువారికి దాదాపు అనవసరం. క్లచ్, బ్రేక్, గేరు, స్టీరింగ్ మన మాటల్లో కలిసిపోయి చాలాకాలమైంది. అయినా అవి పూర్తిచేస్తే గానీ తరువాతి పాఠం తెరుచుకోదు.

అసలు చిక్కంతా మనం ఇంగ్లీషే అనుకుని వాడే మాటల దగ్గర వస్తుంది. మనం స్టెప్నీ అనే అదనపు చక్రాన్ని ఇంగ్లీషువారు స్పేర్ వీల్ అంటారు. వేల్స్‌లోని లానెల్లి పట్టణంలో 1904 ప్రాంతంలో తయారైన ఒక చక్రానికి అక్కడి స్టెప్నీ వీధి మీదుగా వచ్చిన పేరది. అక్కడ మరుగునపడినా మన నోట నిలిచిపోయింది. పాత కార్లలో వెనుకవైపు తెరుచుకునే సీటును సూచించిన డిక్కీ కూడా అలాంటిదే. సామాను పెట్టే ఆ భాగం బ్రిటన్‌లో బూట్, అమెరికాలో ట్రంక్. ఈ యాప్ స్టెప్నీ, డిక్కీల ఊసే ఎత్తలేదు.

అంతకంటే పెద్ద లోపం బ్రిటిష్, అమెరికన్ మాటలను ఏది ఏదో చెప్పకుండా కలిపేయడం. ఇంజను మూతకు బ్రిటిష్ మాట బానెట్ ఇచ్చి, వెనుక భాగానికి వచ్చేసరికి అమెరికన్ ట్రంక్ ఇచ్చారు. పేవ్‌మెంట్ అన్న కార్డు మీద కాలిబాట బొమ్మ ఉంది. బ్రిటన్ వరకు అది సరే. అమెరికాలో మాత్రం పేవ్‌మెంట్ అంటే సాధారణంగా వాహనాలు నడిచే రోడ్డు ఉపరితలం, కాలిబాట సైడ్‌వాక్ అవుతుంది. ఈ తేడా తెలియనివారు ఆ కార్డును నమ్ముకుంటే నడవవలసిన చోటు గురించే పొరబడతారు.

తెలుగు అర్థాల సంగతి మరీ హాస్యాస్పదం. చెడిపోయిన వాహనాన్ని నిలపడానికి మోటార్‌వే అంచున వదిలే హార్డ్ షోల్డర్‌ను ఎవరూ సరిచూడకుండా 'గట్టి భుజం' అని వేశారు. రెండో వారం నుంచి తెలుగు అర్థాలు కనబడకుండా ఆపేశాను.

యాప్‌కు విలువ తెచ్చినవి క్రియల పాఠాలు. పుల్ ఓవర్ అంటే దేనినీ లాగడం కాదని, బండిని పక్కకు తీసి ఆపడమని, మెర్జ్ అంటే పక్క వరుసలోని వాహనాల వేగాన్ని అందుకుంటూ వాటిలో కలవడమని వాక్యాలలో పెట్టి వినిపిస్తారు. బ్రిటన్‌లో గివ్ వే అని రాసి ఉండే బోర్డు అమెరికాలో యీల్డ్ అవుతుందని ఇక్కడ మాత్రం స్పష్టంగా చెప్పారు. ఆ శ్రద్ధ మొదటి పాఠాల్లో ఎందుకు లేదో అర్థం కాలేదు. ఆపడానికి వాడే బ్రేకుకూ విరగడాన్ని చెప్పే బ్రేకుకూ పలుకు ఒకటే, స్పెల్లింగు వేరు. విని రాసే పరీక్షలో వాక్యాన్ని బట్టి సరైనది ఎంచుకోవాలి. అందులో నేను మూడుసార్లు తప్పాను.