ఉద్యోగం వదలకుండా సేద్యం: మామిడా, చెనిక్కాయా, గుత్తకా?

తిరుపతిలో ఉద్యోగం, పాకాల వైపో పూతలపట్టు వైపో నాన్న ఇచ్చిన నాలుగెకరాలు. ఇలాంటివాళ్లు మనలో చాలామందే. అందరూ ముందు అడిగేది ఎకరాకు ఎంత మిగులుతుందని. నన్నడిగితే, ఆ పంట పనిరోజుల్లో ఎన్నిసార్లు రమ్మంటుందో ముందు చూసుకోవాలి.

ఈ లెక్కన టమాటా మొదట్లోనే పోతుంది. కోత మొదలైతే మూడు నాలుగు రోజులకోసారి కాయ కోయించి, బాక్సులకెత్తి, మార్కెట్‌కు తోలాలి. ఏ ఆఫీసూ అన్ని లీవులివ్వదు.

చెనిక్కాయ (వేరుశనగ) కొంత నయం. కానీ మెట్టలో వానకు నేల తడిసి పదునైనప్పుడే విత్తాలి. వాన శనివారం రాత్రే పడాలని రూలేమీ లేదు కదా! పదునైన రోజు ఊళ్లో ట్రాక్టర్లన్నిటికీ గిరాకీయే. కాయ ఊరే వేళకు అడవి పందులకు రాత్రి కావలి వేరే. ఊళ్లో అన్నో తమ్ముడో ఉంటేనే దీని జోలికి వెళ్లండి.

నా ఓటు మామిడికే. పది మీటర్ల ఎడంతో పెడితే ఎకరాకు 40 చెట్లు. కాపుకు నాలుగైదేళ్లు ఆగాలి, ఆ లోపు జీతం ఉంది కాబట్టి ఇల్లు నడుస్తుంది. పెద్దయ్యాక అసలు పని రెండు సార్లే: పూతప్పుడు, కోతప్పుడు. పూతప్పుడు మాత్రం ఏమరకూడదు. తోటలో అడుగుపెట్టగానే చిటపటమని చప్పుడొచ్చి, ఆకు పట్టుకుంటే వేళ్లకు జిగురంటిందంటే తేనెమంచు పురుగు దిగినట్టే. మందు కొట్టడం వచ్చే ఆదివారానికి వాయిదా వేస్తే పూత మాడిపోతుంది.

అలాగని మొత్తం గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే తోతాపురి రకమే పెట్టకండి. 2025లో ధర ఎంత పడిందంటే, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇచ్చేలా నిర్ణయించాల్సొచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. తినే కాయ బేనీషా (బంగినపల్లి) కూడా కొంత ఉంటే, అంతా ఫ్యాక్టరీ మీదే ఆధారపడక్కర్లేదు.

పూతకూ వెళ్లలేనంటే తోట గుత్తకివ్వొచ్చు, అంటే ఇంత మొత్తమని మాట్లాడుకుని కాపు వ్యాపారికి అప్పగించడం. ఇక మందులూ కావలీ వ్యాపారి తలనొప్పి. అయితే ఒక్క కాపుకే ఇవ్వండి. మూడు నాలుగేళ్లకు రాసిస్తే, ఉన్నన్నాళ్లూ పిండుకుందామని పూత కోసం పాక్లోబ్యుట్రజాల్ అనే మందు ఏటా మొదళ్లలో పోసేవాళ్లున్నారు. మోతాదు మించితే చెట్టు గిడసబారిపోతుంది, అది మిగిలేది మీకే.

ఖాళీ నేల కౌలుకిద్దామంటే పెద్దవాళ్లకు ఒకటే టెన్షన్: "సంతకం పెడితే భూమి పోతుందేమో నాయనా!" పోదు. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకే, యాజమాన్యం జోలికి రాదు. కౌలుదారుకు పంట రుణానికీ, బీమాకూ ఆ పత్రమే ఆధారం. బోరు మోటారు కాలిపోతే ఖర్చు ఎవరిదో కూడా ముందే మాట్లాడుకోండి, తగాదాలు ఎక్కువగా వచ్చేది అక్కడే.