వేరుశనగా, కొర్రా: అనంతపురం మెట్టచేలో ఏది మేలు?

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్త వానా ఇప్పుడు వేళకు రావడం లేదు.

వేరుశనగకు అసలు గండం ఊడలు, అంటే పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగే రోజుల్లో. అప్పుడు వాన లేక బెట్ట పడితే నేల గట్టిపడి ఊడ లోపలికి దిగదు, కాయ ఊరదు. పైగా ఎకరాకు 60 కిలోల దాకా విత్తనం కావాలి; పంట పోతే విత్తనానికి చేసిన అప్పు మెడకు చుట్టుకుంటుంది. కొర్రకు రెండు కిలోలు చాలు. 80-90 రోజుల్లో చేతికొస్తుంది, బెట్టనూ బాగా తట్టుకుంటుంది.

అమ్మకం దగ్గరే కొర్రకు కష్టం. జొన్న, సజ్జ, రాగికి కేంద్రం మద్దతు ధర ఉంది, కొర్రకు లేదు. ఇది అన్యాయం. కాయలు తీశాక మిగిలే వేరుశనగ కట్టె పశువులకు మంచి మేత, అదీ నిజమే. అయినా వాన వెనకబడిన ఏడు సగం చేనైనా కొర్రకు ఇవ్వమనే నేనంటాను.